జాజు పెట్టని గోడ

మా మనవరాలు శ్రీజ గదిలో గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది. మొన్నటిదాకా దాని మీద సందు లేకుండా కాగితాలు అంటించి ఉండేవి. చెరువు కట్ట మీద ఆరేసిన వలలు, బస్టాండు దగ్గర జామకాయలమ్మే ఆమె చేతులు, అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్న నా వీపు. ముఖం వేయకుండా వీపు వేశావేమే అని అడిగితే, "నీ కోపం వీపుల గూడ కనవడ్తది నానమ్మా" అన్నది. అట్లాంటి పిల్ల ఒక పొద్దున కుర్చీ ఎక్కి ఒక్కొక్క కాగితాన్నీ చిరగకుండా తీసి, చుట్ట చుట్టి, అటక మీదికి నెట్టి, జడ వేయించుకుని బడికి పోయింది. తొమ్మిదో తరగతి వాళ్ళకు డ్రాయింగు పీరియడు తీసేశారు. ఆ గంటలో ఇప్పుడు ఎంట్రన్సు లెక్కలు చెబుతున్నారు. డ్రాయింగు మేడాన్ని ఇక రావద్దన్నారు. పిల్ల ఏడవలేదు, అన్నం మీద అలగలేదు. అదే నన్ను భయపెట్టింది.

సాయంత్రం నా కొడుకు రమేశ్ గదిలోకి తొంగి చూసి, "ఇప్పుడు నీటుగున్నది రూము" అన్నాడు. కోడలు కవిత, "దారికొచ్చింది పిల్ల, ఇగ ఫికర్ లేదు" అని పొంగిపోయింది. నేనూ సంతోషిస్తాననే అనుకున్నారు. ఎందుకంటే నేను పొదుపు మనిషిని. అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడతాను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయకుండా పారబోస్తే ఇంట్లో ఎవరినీ వదలను. "రంగుల డబ్బాలు కొనుడు తప్పింది గద అత్తమ్మా, నువ్వే ముందు ఖుషీ గావాలె" అని కవిత నవ్వింది. "చూసుడికి ఏం ఖర్చయితదే?" అన్నాను. నా మాట ఆమెకు పట్టలేదు. చూడటమనేది కూడా ఒకరి దగ్గర నేర్చుకోవలసిన పని అని ఈ కాలం వాళ్ళకు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నేను మాత్రం నేర్చుకున్నాను, ఆరో తరగతిలో, ఒక సారు దగ్గర. ఆ ఏడాదితోనే నా చదువు అయిపోయింది. బోసిగోడంటే ఏమిటో తెలిసింది కూడా ఆ ఏడాదే.

మాది ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు అవతల, గుట్టల వైపు ఉన్న ఊరు. ఇప్పుడక్కడ చేన్లకు బదులు ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. అప్పుడు మాది మట్టి గోడల పెంకుటిల్లు. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. చీకటి విడవకముందే అవ్వ వాకిట్లో పేడనీళ్ళు చల్లే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. ఆ తడి పేడ వాసన, దాని వెనుకే పెద్దనాయిన కాల్చే చుట్ట వాసన, ఆ తర్వాత పొయ్యి మీద జొన్నగట్క ఉడికే వాసన, రోజూ అదే వరస. మా బాపు మాట్లాడే మనిషి కాదు. ఇంటి మాటలన్నీ ఆయన అన్న, మా పెద్దనాయినే మాట్లాడేవాడు. పండుగ దగ్గర పడితే అవ్వ జాజు గడ్డలు కుండలో నానబెట్టేది. జాజు అంటే ఎర్రమట్టి. అది నానుతుంటే ఇల్లంతా తొలివాన పడ్డట్టు వాసన. పాత చీరపీలిక అందులో ముంచి గోడ కింది భాగానికీ, అరుగులకూ, గడపకూ పూసి, కొంచెం ఆరగానే సున్నంతో చుక్కలూ గీతలూ వేసేది. ఒక చుక్క అవతలికి పోయినా ఒప్పుకునేది కాదు. "కండ్లు యాడ వెట్టినవే, మళ్ళ వెట్టు" అని నా చేతి మీద పీలికతోనే కొట్టేది. నా గడుసుతనం ఆమె నుంచే వచ్చింది.

డ్రాయింగు సారు ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాడు. సన్నటి మనిషి, తెల్లటి లాల్చీ, జేబులో ఎప్పుడూ సీమసున్నం ముక్కలు. ఆయన అందరినీ "అండీ" అంటుంటే, మా ఊరి మగవాళ్ళు వెనుక నుంచి "అండీ సారు పోతుండు" అని నవ్వేవాళ్ళు. డ్రాయింగు అంటే కుండను చూసి కుండ వేయటం అనుకున్నాం. ఆయన మొదటి రోజే పలకలు సంచుల్లో పెట్టించాడు. "చేతులు కట్టుకోండర్రా. ముందు చూడండి. చూసింది నాకు చెప్పండి. గీయటం తర్వాత" అన్నాడు. బడి గోడకు మేకు కొట్టి ఒక క్యాలెండరు బొమ్మ తగిలించి, దాని ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, కదలకుండా చూడమనేవాడు. మొదట నవ్వు వచ్చేది, తర్వాత విసుగు వచ్చేది, ఆ విసుగు దాటాక బొమ్మలో మూలన ఉన్న మేకపిల్ల కనబడేది. "కనబడిందా? ఇందాక లేదా అది అక్కడ?" అని సారు మురిసిపోయేవాడు.

తర్వాత ఆయన మమ్మల్ని వీధుల్లోకి తీసుకుపోవటం మొదలుపెట్టాడు. పుస్తకాల్లో బొమ్మలు ఎక్కడున్నాయి మా బడికి? మా ఊరి గోడలే ఆయనకు పుస్తకాలయ్యాయి. ఒక్కొక్క ఇంటి ముందు నిలబెట్టి, ఈ గోడ వేసిన ఆమె ఎట్లాంటి మనిషో చెప్పండి అనేవాడు. మా క్లాసులో లచ్చమ్మ అని ఒక నోటిదురుసు పిల్ల ఉండేది. వాళ్ళ చిన్నమ్మ గోడ ముందు నిలబడి, "సార్, ఈమెకు నడుమల కోపమొచ్చింది సార్. గీడిదాంక సుక్కలు చిన్నగున్నయ్, గీడికెల్లి గింతగింత పెద్దగైనయ్. మా చిన్నబాపు తాగొచ్చి ఉంటడు" అన్నది. లోపల నుంచి వాళ్ళ చిన్నమ్మ, "నీ నోట్ల మన్నువడ, ఇంటికి రా చెప్త" అని అరిచింది. మేమంతా పడిపడి నవ్వాం. సారు మాత్రం చప్పట్లు కొట్టాడు. "అదర్రా చూడటమంటే!" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఏ గోడ ముందు నుంచీ ఊరికే నడిచిపోలేదు.

అట్లా తిరుగుతూ తిరుగుతూ ఒకనాడు మా ఇంటి ముందుకు వచ్చాం. ఊరంతా పండుగకు జాజు పూసుకుని ఎర్రగా, తెల్లగా ఉంటే, మా గోడ ఒక్కటే వట్టి మన్ను రంగులో ఉంది. అంతకుముందు ఎండాకాలంలోనే మా అన్న మల్లేశు జ్వరం వచ్చి చనిపోయాడు. మీసం మొలిచీ మొలవని వయసు. మా వైపు చావు జరిగిన ఇంటికి ఏడాది నిండేదాకా జాజు పెట్టరు, ముగ్గు వేయరు. మా ఊరిలో నడక నేర్చిన పిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. సారుకు తెలియదు. ఆయన మా గోడ ముందు ఆగి, అటు ఇటు చూసి, "ఈ ఇంటివాళ్ళకి తీరిక లేదనుకుంటా, పాపం. లేకపోతే జాజు కొనుక్కునే స్తోమత లేదేమో" అన్నాడు. లచ్చమ్మ కూడా నోరు విప్పలేదు. నేను తల వంచుకున్నాను. చావును నోటితో చెప్పే అలవాటు మాకు లేదు. నోటితో చెప్పనక్కర లేకుండానే కదా గోడను అట్లా ఉంచేది. సారు నా తల మీద చేయి పెట్టి, "నీదా అమ్మా ఈ ఇల్లు?" అన్నాడు. ఆయన కళ్ళల్లో జాలి కనబడింది. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

తరువాతి ఆదివారం ఇంటిల్లిపాదీ చేనుకు పోయాం, కలుపు తీయటానికి. పొద్దు గూకుతుండగా తిరిగి వచ్చాం. ముందు పెద్దనాయిన, వెనుక బాపు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని అవ్వ, అవ్వ కొంగు పట్టుకుని నేను. వాకిట్లో అడుగుపెట్టి పెద్దనాయిన ఆగిపోయాడు. మా గోడ నిండా జాజు, దాని మీద సున్నంతో తామరపూలు, తీగలు, మెడలు వంచిన హంసలు. మా ఊరి చేతి గీతలు కావవి, సారు వాళ్ళ ఊరివి. అంత అందమైన గోడను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు. ఆ మాట ఆ రోజు ఎవరితోనూ అనగలిగేది కాదు. గోడ పక్కన సారు నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. మా ముఖాలు వెలిగిపోతాయని ఎదురుచూస్తూ నవ్వుతున్నాడు.

"ఎవని పెండ్లున్నది సారూ మా ఇంట్ల?" అన్నాడు పెద్దనాయిన.

"పెళ్ళేం కాదండీ. గోడ బోసిగా ఉంటేనూ... మీ అమ్మాయి బాగా చూస్తుందండీ, క్లాసులో అందరికంటే..."

"ఎవని పెండ్లని అడుగుతున్న!"

ఆ కేకకు చుట్టుపక్కల వాళ్ళంతా వాకిట్లోకి వచ్చారు. ఎదురింటి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని సారు దగ్గరికి వచ్చి, "ఆ ఇంట్ల పోరడు సచ్చిపోయిండు సారూ. ఏడాది నిండలే" అన్నది మెల్లగా. సారు నవ్వు ఆగిపోయింది. తప్పు చేసి దొరికిన పిల్లవాడిలా రెండు చేతులూ వీపు వెనుక దాచుకున్నాడు. ఆయన లాల్చీకి వెనుక ఎర్రటి మరకలు అంటుకున్నాయి. "నాకు తెలీదండీ. ఎవరూ చెప్పలేదండీ" అని ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తూ అన్నాడు.  అవ్వ ఇంకా గడ్డిమోపు దించలేదు. మోపు కింద నుంచి గోడనే చూస్తోంది. ఆఖరికి ఆమె మాట్లాడింది.

"గోడ బోసిగ లేకుండె సారూ. దాని మీద నా కొడుకుండె."

బాపు మన్నూ పేడా కలిపి తెచ్చాడు. గోడ అలకటం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని, బాపు ఎన్నడూ అందులో చేయి పెట్టలేదు. ఆ రోజు ఎవరినీ రానివ్వలేదు. ఆయనకు అలకటం రాదు. ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా పడుతోంది. తడి సున్నం ఆ పలుచటి చోట నుంచి మళ్ళీ పైకి తేలుతోంది. హంస మెడ ఒకటి ఎంత రుద్దినా పోలేదు. ఆయన ఏడుస్తూ రుద్దాడు. మరునాడు అవ్వ నాకు తల దువ్వుతూ, "మస్తు మంచిగేసిండే సారు. గంత సక్కగ చూసెటోడు, జర నోరు తెరిచి అడిగితే ఏమైతుండె" అన్నది. అంతే. ఆ తర్వాత ఆమె నోట ఆ మాట వినలేదు.

పెద్దనాయిన, ఊరి పెద్దలు కలిసి బడికి పోయారు. "మన దిక్కు మనిషి గాదు, మన తీరు తెల్వదు, పిల్లలకేం చెప్తడు?" అన్నారు. సారు వేరే ఊరికి పోయాడు. ఏ ఊరో మాకు ఎవరూ చెప్పలేదు. డ్రాయింగు గంటలో మాతో బడి తోటకు నీళ్ళు మోయించారు. ఇంట్లో పెద్దనాయిన, "ఆడివిల్ల బడికి వోతేనే గద గా సారు మన వాకిట్లకొచ్చింది, ఇగ సదువు చాలు" అన్నాడు. నా పుస్తకాల సంచి కొన్నాళ్ళు దూలానికి వేలాడింది. తర్వాత అవ్వ అందులో కంది విత్తనాలు పోసింది. సారు మీద నాకు కోపం లేదు, అప్పుడూ లేదు. ఆయనకు గోడ మీద ఉన్నదాన్ని చూడటం వచ్చు, లేనిదాన్ని చూడటం రాలేదు. ఇంకొన్నాళ్ళు ఉండనిచ్చి ఉంటే మా ఊరు ఆయనకు అదీ నేర్పేది. ఆయన మాకు మిగతాది నేర్పేవాడు. రెండూ సగంలోనే ఆగిపోయాయి.

ఇప్పుడు నేనుండేది ఇబ్రహీంపట్నంలో, టైల్సు వేసిన ఇంట్లో. ఈ వీధిలో ఏ ఇంటికీ జాజు లేదు. చావు వస్తే ఫ్లెక్సీ కడతారు, పెళ్ళి వచ్చినా ఫ్లెక్సీ కడతారు, రెండిటి మీదా అవే గులాబీలు. నాకు ఇంకొక సంగతి ఎక్కువ బాధ కలిగిస్తుంది. అప్పుడు ఒక గోడ కోసం ఊరంతా కదిలింది. కోపంతోనే కానీ, కదిలింది. గోడ అంటే అంత లెక్క ఉండేది మనుషులకు. ఇప్పుడు డ్రాయింగు మేడాన్ని పంపిస్తే ఒక్క ఇంట్లో కూడా కంచం చప్పుడు ఆగలేదు. ఆ మేడం కూడా సారు లాగే చేసేదట. బొమ్మ చూపించి, ఫోన్లు పక్కన పెట్టించి, మాట్లాడకుండా చూడమనేదట.

బోసిగోడ చూసిన మూడోనాడో నాలుగోనాడో శ్రీజ పక్కన కూర్చుని అడిగాను. "ఎందుకు తీసినవే?"

"ఊకెనే."

"ఊకెనే ఎవలు తియ్యరు. చెప్పు."

పుస్తకం మూయకుండానే చెప్పింది. "మేడం ఉన్నప్పుడు అడుగుతుండె నానమ్మా. గీడ ఎందుకు నల్లగ చేసినవ్, ఏమనుకున్నవ్ అని. ఇప్పుడు అడిగెటోళ్ళు లేరు. అడగనోళ్ళకు ఏం వెయ్యాలె?"

"నేనడుగుత."

"నువ్వు ఇంట్ల అడుగుతవ్. బడిల డాడీ అడగాలె. పేరెంట్స్ అడిగితే మేడం మళ్ళ వస్తదట. డాడీ ఒక్కసారి అడిగితే సాలు."

అంతే అన్నది. పదమూడు దాటిన పిల్ల గొంతులో అంత ముసలితనం ఉండకూడదు. ఏడుస్తున్న పిల్లను ఊకోబెట్టవచ్చు. ఈమె ఏడవటం లేదు, చెప్పిన లెక్కలన్నీ చేస్తోంది, పెట్టింది తింటోంది, లోపల మాత్రం ఒక్కొక్క దీపమూ ఆర్పుకుంటూ పోతోంది. నాకు కనబడుతున్నది ఇంట్లో ఇంకెవరికీ కనబడటం లేదు.

రమేశ్ రోజూ తుక్కుగూడ దాకా బండి మీద పోయి వస్తాడు. వచ్చేసరికి మనిషి వాడిపోయి ఉంటాడు. వాడిని తప్పు పట్టను. అయినా ఆ సాయంత్రం నీళ్ళ చెంబు ఇస్తూనే అన్నాను. "శనివారం బడిల మీటింగున్నది గద. లేచి డ్రాయింగు గురించి అడుగు."

"నలుగుట్ల నన్ను నవ్వులపాలు జేస్తవా అమ్మా? మన ఇంటి సుట్టూరా ఇంజనీరింగు కాలేజీలున్నయ్. గందరు పిల్లలు గండ్ల సీటు కోసం కొట్లాడుతుంటే, నేను లేచి బొమ్మల సంగతి అడగాల్నా?"

"అవ్, అడగాలె. నీ బిడ్డ అడగమన్నది."

వాడు నీళ్ళన్నీ తాగి చెంబు పక్కన పెట్టాడు. తర్వాత, "సరే తియ్యే, అడుగుత" అన్నాడు. గుమ్మం దగ్గర శ్రీజ నిలబడి వింటోంది. ఆ మాట విని లోపలికి పోయింది. ఎన్నాళ్ళకో ఆ రాత్రి నేను వడ్డించకముందే రెండోసారి కూర వేసుకుంది.

శనివారం నేనూ పోయాను. వద్దన్నారు, వినలేదు. హాలు నిండా తల్లిదండ్రులు. పిల్లలు గోడల వెంబడి తరగతి ప్రకారం నిలబడ్డారు. ప్రిన్సిపాల్ మంచి మనిషే, అబద్ధం ఎందుకు, మెత్తగా మాట్లాడాడు. మార్కుల గురించి, బస్సుల గురించి, హాల్లో చల్లటి నీళ్ళ గురించి ఒక్కొక్కరూ లేచి అడిగారు. నేను రమేశ్ వైపు చూశాను. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇంకొకరు కూర్చోగానే లేచేటట్టు ఒకటి రెండుసార్లు ముందుకు వంగాడు. మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు. "ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు ప్రిన్సిపాల్, కాగితాలు సర్దుకుంటూ. అప్పుడు నేను లేచాను.

"వారంల ఒక్క గంట డ్రాయింగు మేడంను మళ్ళ పెట్టుండ్రి సారూ. గీయకున్న మంచిదేగని, పిల్లలకు చూసుడు నేర్పుండ్రి. మీకు దండం వెడ్త."

నా జన్మలో నేను ఒకరికి దండం పెట్టి అడిగింది లేదు. వెనుక వరసలో ఎవరో, "ముసలవ్వ గూడ నేర్సుకుంటదట" అన్నారు. నవ్వులు. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. "చాలా మంచి మాట చెప్పారమ్మా. పేరెంట్స్ కోరితే మాకేం అభ్యంతరం లేదు. ఇంకెవరైనా కోరుతున్నారా?" అని హాలంతా చూశాడు.

ఒక్క చేయీ లేవలేదు. తొమ్మిదో తరగతి వరసలో శ్రీజ, చేతులు కట్టుకుని, వాళ్ళ నాన్ననే చూస్తోంది. నేను నిలబడే ఉన్నాను. లే రా అని లోపల వంద దేవుళ్ళకు మొక్కాను. రమేశ్ చేయి నా మోచేతిని పట్టుకుంది. గట్టిగా కాదు, ప్రేమగానే పట్టుకున్నాడు. "కూసో అమ్మా" అన్నాడు తల ఎత్తకుండా.

నేను కూర్చోలేదు. శ్రీజ మాత్రం వాళ్ళ నాన్న వైపు చూడటం మానేసింది.